బ్యాటరీ మార్చే ముందు మీటర్ పట్టండి

(మిర్యాలగూడలో లారీ డ్రైవర్లు, ఓనర్లు, షెడ్డు కుర్రాళ్లు కూర్చున్న ఒక ఆదివారం మీటింగులో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ మాట్లాడిన మాటలు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నాకు మైకు అవసరం లేదు. ఇంజన్ మోతలో మాట్లాడి మాట్లాడి గొంతు ఇట్లనే తయారైంది. ఇంట్లో కూడా అరుస్తానని మా ఆవిడ తిడుతుంది.

ముందు ఒక మాట అడుగుతాను. గడిచిన ఏడాదిలో బండికి కొత్త బ్యాటరీలు వేయించినవాళ్లు చేతులెత్తండి. సరే, దించకండి. వేయించిన ఆరు నెలల లోపలే మళ్లీ పొద్దుగాల సెల్ఫ్ తిరగనివాళ్లు మాత్రం అట్లనే ఉంచండి, మిగతావాళ్లు దించండి. చూశారా? పెద్దగా దిగలేదు. ఈ రోజు నేను మాట్లాడేది ఇంకా పైన ఉన్న ఆ చేతుల గురించే.

ఒక జత బ్యాటరీలు అంటే ఇప్పుడు ఎంత? అన్నా, నువ్వే చెప్పు, మొన్ననే కొన్నావు. వినబడిందా? ఒక ట్రిప్పు మిగులు మొత్తం దానికే. మరి అంత డబ్బు పెట్టేముందు ఎన్ని నిమిషాలు చెక్ చేశారు? మీటర్, అంటే వోల్టులు కొలిచే మల్టీమీటర్, పట్టారా? షాపువాడు టెర్మినల్‌కు వైరు తగిలించి స్పార్క్ కొట్టి చూపించి, "డెడ్ అయింది అన్నా" అన్నాడు, మీరు మార్చారు. అంతే కదా? కొత్త బ్యాటరీ కాబట్టి రెండు నెలలు బండి స్టార్ట్ అయింది. అసలు రోగం అట్లనే ఉంది. అది కొత్త బ్యాటరీని కూడా మెల్లగా తినేసింది.

నేను షెడ్డులో చేరినప్పుడు మా ఉస్తాద్ దగ్గర మీటర్ లేదు. ఒక బల్బు, రెండు వైర్లు, అంతే. ఆ బల్బుతోనే ఎన్నో బండ్లు బాగుచేశాడు, తప్పు పట్టను. కానీ ఆయన చెప్పిన రెండు మూడు పద్ధతులు మాత్రం నేను తర్వాత మానేశాను. ఎందుకు మానేశానో కూడా చెప్తాను.

మొదట, పాత బండి అంటే నేను ఏది అంటున్నానో చెప్పాలి. మీ దగ్గర ఉన్న టాటా 1613లు, 2515లు, పాత లేలాండ్‌లు, మామూలు డీజిల్ పంపు బండ్లు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బండ్ల సంగతి వేరు, వాటిలో కంప్యూటర్ ఉంటుంది, దాని జోలికి ఈ రోజు పోను. పాత బండిలో ఒక గొప్పతనం ఉంది, అదే మనల్ని మోసం చేస్తుంది. ఏమిటది? ఒకసారి స్టార్ట్ అయ్యాక ఇంజన్‌కు కరెంటు అక్కర్లేదు. పెట్రోల్ కారులో ఛార్జింగ్ పోతే కాసేపటికి ప్లగ్గులకు కరెంటు అందక బండి ఆగిపోతుంది, మనకు తెలిసిపోతుంది. పాత డీజిల్ బండి అట్ల కాదు. పంపు గేర్ మీద తిరుగుతుంది, డీజిల్ పోతుంది, బండి నడుస్తుంది. పొద్దుగాల నార్కట్‌పల్లిలో ఆల్టర్నేటర్, అంటే ఇంజన్ బెల్టు మీద తిరిగి కరెంటు పుట్టించి బ్యాటరీ నింపేది, చచ్చిపోయినా పగలంతా నడిపి సాయంత్రానికి విజయవాడ దాటేస్తారు. రాత్రి లైట్లు వేశాక పసుపు పచ్చగా మారతాయి. టీ కోసం దాబా దగ్గర ఆపుతారు, మళ్లీ సెల్ఫ్ కొడితే టిక్కు టిక్కు. అప్పుడు ఎవరిని తిడతారు? బ్యాటరీని. పాపం, పగలంతా దాని ఒంట్లో ఉన్నది ఇచ్చేసింది, ఇంకేమిస్తుంది?

అందుకే డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు, ఛార్జింగ్ లైటు, దానికి ఇచ్చే మర్యాద ఇవ్వాలి. మీ బండ్లలో ఎంతమందికి అది పనిచేస్తోంది? నిజం చెప్పండి. తాళం తిప్పగానే వెలగాలి, ఇంజన్ పట్టగానే ఆరాలి. చాలా బండ్లలో అసలు వెలగనే వెలగదు. బల్బు పోయింది, ఎవరూ పట్టించుకోలేదు. "లైటు ఆరే ఉంది, ఛార్జింగ్ బాగుంది" అనుకుంటారు.

ఈ లైటు విషయంలో నేనే దెబ్బ తిన్నాను. చాలా ఏళ్ల కింద, వడ్లు దించడానికి వచ్చిన ఒక బండి. ఛార్జింగ్ లేదు. నేను కుర్రతనంలో ఉన్నాను, మీటర్ కూడా కొత్తగా కొన్నాను, కానీ దాన్ని జేబులోనే పెట్టుకున్నాను. ఆల్టర్నేటర్ విప్పాను, తిరిగే రోటర్‌కు కరెంటు అందించే కార్బన్లు మార్చాను, వోల్టేజీని హద్దులో ఉంచే రెగ్యులేటర్ మార్చాను. బిగించాక రేసు ఇస్తే ఛార్జింగ్ వచ్చింది. డబ్బులు తీసుకున్నాను. చౌటుప్పల్ దాటకముందే బండి మళ్లీ పండింది. ఆ ఓనర్ ఫోన్లో అన్న మాటలు ఇక్కడ చెప్పలేను, ఆడవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత చూస్తే ఏముంది? ఆ చిన్న బల్బు పోయింది. కొన్ని రూపాయల బల్బు.

ఎందుకు అట్ల అవుతుంది? బల్బుకూ ఆల్టర్నేటర్‌కూ ఏం సంబంధం? ఇది అర్థమైతే సగం పని అయిపోయినట్టే, కాబట్టి జాగ్రత్తగా వినండి. ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్ ఒక అయస్కాంతం కావాలి. అది దానంతట అది అయస్కాంతం కాదు, దాని చుట్టలోకి కొంచెం కరెంటు పోవాలి. ఇంజన్ స్టార్ట్ అయ్యే వేళకు ఆ మొదటి కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ఛార్జింగ్ లైటు గుండానే. తాళం స్విచ్ నుంచి బల్బు, బల్బు నుంచి ఆల్టర్నేటర్ వెనక డి ప్లస్ అనే టెర్మినల్, అక్కడి నుంచి కార్బన్లు, రోటర్, చివరికి ఎర్త్, అంటే బండి ఇనుము గుండా బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారి. పెరుగు తోడు పెట్టినట్టు. తోడు లేకపోతే పాలు పాలుగానే ఉంటాయి. రోటర్‌లో మిగిలిన కాస్త అయస్కాంతంతో గట్టిగా రేసు ఇస్తే ఒక్కోసారి పట్టుకుంటుంది, నా దగ్గర పట్టుకున్నది అదే. దారిలో ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసి మెల్లగా నడిపితే పట్టుకోలేదు.

కాబట్టి లైటు వెలగకపోతే ఏం చేయాలి? ఆల్టర్నేటర్ వెనక డి ప్లస్ మీద ఉన్న సన్న వైరు తీయండి. సన్నది! లావుది కాదు. లావుది బి ప్లస్, అది నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, దాన్ని బాడీకి తగిలిస్తే చెయ్యి కాలుతుంది, బండి కూడా కాలొచ్చు. సన్న వైరు తీసి, తాళం ఆన్ చేసి, వైరు కొసను బాడీకి తగిలించండి. లైటు వెలిగిందా? అయితే బల్బు బాగుంది, వైరు బాగుంది, తప్పు ఆల్టర్నేటర్ లోపల ఉంది. కార్బన్లు అరిగాయి, లేదా రోటర్ తెగింది, లేదా రెగ్యులేటర్ పోయింది. వెలగలేదా? అయితే ఆల్టర్నేటర్ విప్పకండి. తప్పు బల్బులో, ఫ్యూజులో, వైరులో ఉంది. చూడండి, రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఇంకో చిట్కా ఉంది, స్పానర్ చాలు. తాళం ఆన్‌లో పెట్టి, ఇంజన్ ఆఫ్‌లోనే ఉంచి, స్పానర్‌ను ఆల్టర్నేటర్ వెనక బేరింగ్ దగ్గరికి తీసుకుపోండి. లాగుతుందా? లాగితే రోటర్‌కు కరెంటు అందుతోంది. లాగకపోతే అందడం లేదు. ఇది ఫోన్లో డ్రైవర్‌తో కూడా చేయించొచ్చు. నేను కొన్నిసార్లు ఇంట్లో అన్నం తింటూనే ఇది చెప్పి బండిని పంపించాను.

ఆ లైటు చెప్పే ఇంకో రెండు మాటలు కూడా వినండి. ఇంజన్ నడుస్తున్నా లైటు మిణుకు మిణుకుమంటూ సన్నగా వెలుగుతుంటే డయోడ్‌ల మీద అనుమానం పెట్టుకోండి, లేకపోతే బి ప్లస్ వైరు జాయింటు మీద. తాళం తీసేసినా వెలుగుతుంటే మాత్రం దాదాపుగా ఒక డయోడ్ షార్ట్ అయినట్టే. డయోడ్ అంటే వన్‌వే గేటు. ఆల్టర్నేటర్ కరెంటు బ్యాటరీలోకి పోవాలి, బ్యాటరీ కరెంటు తిరిగి రాకూడదు. గేటు విరిగిపోతే రాత్రంతా వెనక్కి కారుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దుగాల ఇంజన్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. అదే చెయ్యి ఆల్టర్నేటర్ మీద పెడితే వెచ్చగా తగిలిందా? ఇక మీటర్ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు అంకెలకు వద్దాం. రాసుకునేవాళ్లు రాసుకోండి, ఎక్కువ లేవు.

బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు, ఒకదాని వెనక ఒకటి కట్టి 24 చేస్తాం. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దుగాల మీటర్ పెడితే ఒక్కో బ్యాటరీ 12.6, 12.7 చూపాలి. అంటే నిండుగా ఉంది. 12.2 చూపితే సగం. 11.9 అంటే దాదాపు ఖాళీ. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. "12 ఉంది కదా, 12 వోల్టుల బ్యాటరీయే కదా" అంటారు. 12 అంటే సగం కూడా లేదు తమ్మీ! అట్లనే, బండి ఇప్పుడే ఆపి వెంటనే చూస్తే 13 పైన చూపుతుంది, అది పైపై నురుగు. కాసేపు హెడ్‌లైట్ వేసి ఆ నురుగు దించి, ఆపి, కొద్దిసేపు ఆగి చూడాలి.

ఇంజన్ నడుస్తూ మధ్యస్తంగా రేసు ఉన్నప్పుడు రెండు బ్యాటరీల మీద కలిపి 27.6 నుంచి 28.8 మధ్య రావాలి. 26 దాటకపోతే ఛార్జింగ్ లేదు. 29 దాటి 30కి పోతే రెగ్యులేటర్ చేయి దాటింది. అప్పుడు బల్బులు తరచూ పోతాయి, బ్యాటరీ నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, బాక్సు దగ్గర కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. ఆ వాసన వచ్చినప్పుడు బీడీ వెలిగించి వంగి చూసేవాళ్లు ఉన్నారు. ఛార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఎసిడ్ ముఖం మీద పడ్డ కుర్రాడిని నేను చూశాను. వాడికి కన్ను దక్కింది, అదృష్టం.

సరే, ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన విషయం. ఎర్త్.

వైరు కొన్నప్పుడు ప్లస్ వైరును ఏరి కోరి కొంటాం. ఎర్త్ వైరు ఏదో ఒకటి. ఎందుకంటే అది నల్లగా, కింద, బురదలో ఉంటుంది. కానీ ప్లస్ గుండా పోయిన ప్రతి ఆంపియరూ ఎర్త్ గుండానే తిరిగి ఇంటికి రావాలి. పోయే దారి ఎంత ముఖ్యమో వచ్చే దారీ అంతే. సెల్ఫ్ మోటార్ ఇంజన్ మీద ఉంటుంది, ఇంజన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుంటుంది, రబ్బరులో కరెంటు పోదు. మరి సెల్ఫ్ కరెంటు ఛాసిస్‌కు ఎట్ల చేరుతుంది? ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక జడలాంటి రాగి పట్టీ ఉంటుంది, దాని గుండా.

ఒక బండి వచ్చింది, గేర్‌బాక్సు పని చేయించి రెండు రోజులైంది. కంప్లైంటు ఏమిటంటే, "సెల్ఫ్ కొట్టినప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ నుంచి పొగ వస్తోంది". డ్రైవర్ భయపడి నిమ్మకాయలు కూడా కట్టాడు. నవ్వకండి, నిజం. నేను కిందికి దూరి చూశాను. గేర్‌బాక్సు దించినవాడు ఆ రాగి పట్టీ విప్పాడు, మళ్లీ బిగించలేదు. పట్టీ టూల్ బాక్సులో పడి ఉంది. ఇక కరెంటు ఏం చేస్తుంది? దారి వెతుక్కుంటుంది. యాక్సిలరేటర్ కేబుల్ ఇనుప తీగ, అది ఇంజన్‌కూ క్యాబిన్‌కూ కలిసి ఉంటుంది. సెల్ఫ్ తాగే వందల ఆంపియర్లు ఆ సన్న తీగలోంచి పోవడానికి చూశాయి. పొగ రాదా మరి? ఒక బోల్టు బిగించాను. పది నిమిషాల పని. డ్రైవర్ నిమ్మకాయలు మాత్రం విప్పనివ్వలేదు, ఉండనీ అన్నాడు. ఉండనీ.

పట్టీ పూర్తిగా లేకపోతే ఇట్ల తెలిసిపోతుంది. సగం లేకపోతేనే కష్టం. అంటే పట్టీ ఉంది, బోల్టు ఉంది, కానీ లగ్గు, అంటే వైరు కొసన బోల్టు దూరే రింగు, దాని కింద తుప్పు, పెయింటు, వాడపల్లి వైపు తిరిగే బండ్లకైతే సిమెంటు దుమ్ము గట్టిపడి ఉంటుంది. కంటికి బాగానే కనబడుతుంది. ఇక్కడ ఒక లెక్క చెప్తాను. సెల్ఫ్ 300 ఆంపియర్లు తాగుతోంది అనుకుందాం. జాయింటులో అడ్డు ఎంత? ఒక ఓమ్‌లో నూరో వంతు అనుకుందాం. నూరో వంతు అంటే మామూలు మీటర్ ఓమ్స్‌లో పెడితే సున్నా అనే చూపుతుంది. కానీ 300ను నూరో వంతుతో గుణిస్తే 3 వోల్టులు. ఆ ఒక్క జాయింటు 3 వోల్టులు మింగేసింది! అదే హెడ్‌లైట్లు వేస్తే ఎంత? అవి తాగేది ఆరు ఆంపియర్లు. ఆరును నూరో వంతుతో గుణిస్తే 0.06. కంటికి తెలియదు. అందుకే "హెడ్‌లైట్ ధగధగా వెలుగుతోంది అన్నా, కనెక్షన్లు బాగానే ఉన్నాయి, సెల్ఫ్ మోటారే పోయింది" అంటారు. తప్పు. చిన్న కాలువలో చిన్న నీళ్లు బాగానే పోతాయి. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు కదా కాలువ సంగతి తెలిసేది?

మరి ఆ జాయింటును ఎట్ల పట్టుకోవాలి? ఓమ్స్‌తో కాదు, వోల్టులతో. మీటర్‌ను వోల్టుల్లో పెట్టి ఒక ముల్లు బ్యాటరీ మైనస్ పోస్టు మీద పెట్టండి. పోస్టు మీద, దాన్ని పట్టుకున్న క్లాంపు మీద కాదు. రెండో ముల్లు ఇంజన్ బ్లాకు మీద, పెయింటు గీకి, పెట్టండి. స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని, అంటే ఇంజన్ పట్టకుండా, ఒక మనిషితో సెల్ఫ్ కొట్టించండి. నాలుగైదు సెకన్లు చాలు. మీటర్ 0.2, 0.3 చూపితే మంచిది. అర వోల్టు దాటితే ఆ దారిలో ఎక్కడో దొంగ ఉన్నాడు. ఇప్పుడు ముల్లును ఒక్కో జాయింటు వెనక్కి జరపండి. బ్లాకు నుంచి ఛాసిస్‌కు, ఛాసిస్ నుంచి ఎర్త్ లగ్గుకు, లగ్గు నుంచి క్లాంపుకు. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో అక్కడే దొంగ. ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతి, బ్యాటరీ ప్లస్ పోస్టు నుంచి సెల్ఫ్ బోల్టు దాకా.

ఛార్జింగ్‌కు కూడా అంతే. ఇంజన్ నడుపుతూ, లైట్లు వేసి, ఆల్టర్నేటర్ బి ప్లస్ దగ్గర ఎంత, బ్యాటరీ దగ్గర ఎంత, రెండూ చూడండి. అక్కడ 28.4 ఉండి ఇక్కడ 26.5 వస్తుంటే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది, దారిలో పోతోంది. రెండు చోట్లా 25 ఉంటేనే ఆల్టర్నేటర్‌ను అనుమానించండి. అప్పుడు కూడా ముందు బెల్టు చూడండి. పొడుగ్గా ఉన్న వైపు మధ్యలో బొటనవేలుతో నొక్కితే ఒక సెంటీమీటరు దిగాలి. నిగనిగలాడే బెల్టు అద్దంలా అందంగా ఉంటుంది, కానీ జారుతుంది.

ఇంకా ఎవరూ మాట్లాడని ఒక సంగతి ఉంది. ఇక్కడ సగంమంది దోషులు కూర్చున్నారు. పాటల డబ్బా.

క్యాబిన్‌లో పాటలు కావాలి, ఫోన్ ఛార్జర్ కావాలి, ఫ్యాన్ కావాలి. అవన్నీ 12 వోల్టులవి. బండి 24. ఏం చేస్తాం? రెండు బ్యాటరీల మధ్య లింకు నుంచి ఒక వైరు లాగుతాం. 12 వచ్చింది, అయిపోయింది. ఖర్చు లేదు. మీ బండ్లలో ఈ వైరు లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒక్కరు. పెద్దమనిషి.

ఏం జరుగుతోందో చూడండి. ఒక కాడికి రెండు ఎడ్లు కట్టారు. పొద్దంతా రెండూ కలిసి దున్నాయి. రాత్రయ్యాక ఒక ఎద్దును మాత్రమే విప్పి గానుగకు కట్టారు. తెల్లవారి మళ్లీ రెంటినీ ఒకే కాడికి కట్టారు. ఎట్ల ఉంటుంది? పాటలు తాగేది మైనస్ ఛాసిస్‌కు ఉన్న కింది బ్యాటరీ ఒక్కటే. పైది ఊరికే ఉంటుంది. ఆల్టర్నేటర్ ఛార్జ్ చేసేటప్పుడు రెంటిలోనూ ఒకే కరెంటు పోతుంది. రెగ్యులేటర్‌కు లోపల ఎన్ని బ్యాటరీలు ఉన్నాయో తెలియదు, దానికి మొత్తం 28 కనబడితే చాలు. పైది ముందే నిండి ఉంది కాబట్టి అది 15 దాకా ఎగబాకుతుంది, కిందిది 13 దగ్గరే ఉండిపోతుంది. 15, 13 కలిపితే 28. రెగ్యులేటర్ "బాగుంది" అనుకుంటుంది. పైన ఉన్నది ఉడికిపోయి నీళ్లు ఎండుతుంది. కిందిది ఎప్పుడూ కడుపు నిండక ప్లేట్ల మీద సల్ఫేటు పట్టి గట్టిపడుతుంది. ఆరు నెలలు. రెండూ పోతాయి. ఒకటి తిండి ఎక్కువై, ఇంకొకటి తిండి లేక.

మీ దగ్గర ఇదే జరుగుతోందా అని ఎట్ల తెలుస్తుంది? రెండు బ్యాటరీలనూ వేరువేరుగా కొలవండి. మొత్తం 24.6 చూసి సంతోషపడకండి. ఒకటి 12.7, ఇంకొకటి 11.9 వచ్చిందంటే ఇదే. నీళ్లు కూడా చెప్తాయి, ఎప్పుడూ ఒకే బ్యాటరీలో నీళ్లు తగ్గుతుంటే ఇదే. మందు ఏమిటి? 24ను 12 చేసే కన్వర్టర్ దొరుకుతుంది, రెండు బ్యాటరీల నుంచీ సమానంగా తీసుకుంటుంది. దాని ధర బ్యాటరీ ధరలో చిన్న ముక్క. ఇంకో మాట, ఒక బ్యాటరీ పోయిందని ఒక్కటే మార్చకండి. కొత్త ఎద్దును ముసలి ఎద్దుతో కట్టినట్టే. జతగా మార్చాలి, ఒకే కంపెనీ, ఒకే సైజు, ఒకే వయసు.

నీళ్ల గురించి కూడా ఒక మాట. డిస్టిల్డ్ వాటర్ బాటిల్ అయిపోయిందని బోరు నీళ్లు పోసేవాళ్లు ఉన్నారు. నల్లగొండ జిల్లా బోరు నీళ్లు! 2016లో జిల్లా మూడు ముక్కలైనా నీళ్లు మారలేదు కదా. మునుగోడు, మర్రిగూడ వైపు ఆ నీళ్లు మనుషుల ఎముకలను ఏం చేశాయో మీకు నేను చెప్పాలా? బ్యాటరీలోకైతే ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, నీళ్లలో ఉన్న ఉప్పులు, ఇనుము అన్నీ పోతాయి. నీరు మాత్రమే ఆవిరవుతుంది, ఉప్పులు లోపలే మిగులుతాయి. పోసిన ప్రతిసారీ ఇంకొంచెం పేరుకుంటాయి. ఎసిడ్ కూడా పోయకండి, అది ఆవిరి కాదు, తగ్గింది నీరే.

ఇప్పుడు నిలబడ్డ బండ్ల సంగతి. వానాకాలం వడ్లు అయిపోయాక, యాసంగి వడ్లు వచ్చేదాకా కొన్ని బండ్లు మిల్లుల వెనక నెలల తరబడి నిలబడతాయి. తీరా పని వచ్చిన రోజు తోసి స్టార్ట్ చేయడమే. టూల్ బాక్సులో ఒక పది వాట్ల బల్బు ఆరకుండా ఉందనుకోండి. 24 వోల్టుల మీద అది తాగేది అర ఆంపియర్ కన్నా తక్కువ. ఏమంత? కానీ పన్నెండు రోజులకు 120 ఆంపియర్ అవర్లు. మీ బ్యాటరీ మీద రాసి ఉన్న అంకె కూడా అటు ఇటుగా అంతే! అందుకే నిలబెట్టే బండికి మైనస్ కేబుల్ తీసి పెట్టండి. కటాఫ్ స్విచ్ ఉంటే తిప్పండి. తీసేటప్పుడు ఎప్పుడూ మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఎందుకంటారా? ప్లస్ విప్పుతుండగా స్పానర్ ఛాసిస్‌కు తగిలితే మైనస్ ఇంకా కట్టి ఉంది కాబట్టి నిప్పులు రాలతాయి.

కరెంటు ఎక్కడ కారుతోందో పట్టుకోవడానికి మా ఉస్తాద్ బల్బు ఇప్పటికీ రాజు. తాళం తీసి, అన్నీ ఆపి, మైనస్ కేబుల్ విప్పి, పోస్టుకూ కేబుల్‌కూ మధ్య 24 వోల్టుల టెస్ట్ ల్యాంపు పెట్టండి. పాత బండిలో అది వెలగకూడదు. వెలిగితే ఫ్యూజులు ఒక్కొక్కటిగా పీకండి. ఏది పీకినప్పుడు ఆరిందో ఆ లైనులో ఉంది. అన్నీ పీకినా వెలుగుతుంటే? ఫ్యూజు లేని దారులు రెండు ఉంటాయి, సెల్ఫ్, ఆల్టర్నేటర్. బి ప్లస్ వైరు తీసి చూడండి, ఆరితే డయోడ్. ల్యాంపు పెట్టి ఉన్నప్పుడు సెల్ఫ్ మాత్రం కొట్టకండి. జీపీఎస్ డబ్బా ఉన్న బండిలో కొద్దిగా మినుకుమంటుంది, దానికి భయపడకండి.

మిల్లు దగ్గర నిలబడ్డ బండ్లకు ఇంకో రోగం, ఎలుకలు. ఊక, వడ్లు, వెచ్చటి క్యాబిన్, వాటికి ఇంకేం కావాలి? వైరు మీది ప్లాస్టిక్ కొరికి రాగిని వదిలేస్తాయి. ఒక బండిలో బ్రేక్ నొక్కితే హారన్ మోగేది. దాన్ని పట్టుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

ఉస్తాద్ పద్ధతులు కొన్ని మానేశానని ముందే అన్నాను. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకి, "చూడు, ఇంజన్ ఆగలేదు, ఛార్జింగ్ బాగుంది" అనడం. డైనమో రోజుల్లో నడిచింది. ఆల్టర్నేటర్‌కు అది ఉరి. బ్యాటరీ అనేది వోల్టేజీకి కట్ట లాంటిది, కట్ట తీసేస్తే ఒక్క క్షణంలో వోల్టేజీ ఎగిసిపడి డయోడ్‌లు, రెగ్యులేటర్ కొట్టేస్తుంది. పైగా డీజిల్ ఇంజన్ ఎట్లాగూ ఆగదని ఇందాకే చెప్పుకున్నాం. ఇక ఆ పరీక్షలో ఏం తేలింది? ఏమీ లేదు! అట్లనే బాడీ వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ కేబుళ్లు, ఆల్టర్నేటర్ వైర్లు తీయండి. వెల్డింగ్ ఎర్త్ క్లిప్పు వెల్డింగ్ పెట్టే చోటికి దగ్గరగా పెట్టమనండి, ముందు బంపర్‌కు పెట్టి వెనక డాలా వెల్డింగ్ చేయనీయకండి.

ఫ్యూజు బదులు సిగరెట్ డబ్బా రేకు చుట్టేవాళ్లకు నేనేం చెప్పను. వాళ్ల బండి కాలినప్పుడు వాళ్లకే తెలుస్తుంది. కాదు, చెప్పాలి. పది ఆంపియర్ల ఫ్యూజు పోయిందంటే అది మీ బండిని కాపాడి చచ్చిపోయింది. రేకు చుట్టారంటే ఈసారి ఫ్యూజు బదులు వైరు కాలుతుంది, ఆ వైరు డీజిల్ పైపు పక్కనే పోతుంటుంది.

ఎవరో అడుగుతున్నారు, గట్టిగా చెప్పు అన్నా. ఆ, "ముందు నాలుగు ఫోకస్ లైట్లు వేయించాను, రాత్రి నడిపితే బ్యాటరీ దిగుతోంది, పెద్ద బ్యాటరీ వేయాలా" అని. లెక్క వేద్దాం. ఫోకస్ లైటు ఒక్కోటి నూరు వాట్లు అనుకుందాం, నాలుగు నూర్లు 400 వాట్లు. నీ హెడ్‌లైట్లు 140. టెయిలు, పార్కింగు, పైన వరుస బల్బులు, ఫ్యాను కలిపి ఇంకో 200. మొత్తం 740. నీ ఆల్టర్నేటర్ మీద ఏం రాసి ఉంది? 35 ఆంపియర్లు. 28 వోల్టులతో గుణిస్తే 980 వాట్లు. సరిపోయింది అనుకుంటావు. కానీ ఆ 35 వచ్చేది గట్టి స్పీడులో. టోల్‌గేటు లైన్లో, ఘాట్‌లో, ఐడిల్‌లో సగం కూడా రాదు. అప్పుడు మిగిలింది బ్యాటరీ ఇస్తుంది. పెద్ద బ్యాటరీ వేస్తే ఏమవుతుంది? పెద్ద బిందె కొన్నావు, నల్లా అదే. నిండడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది. లైట్లు రెండు తీసెయ్యి, ఎదురుగా వచ్చేవాడు కూడా నిన్ను తిట్టడు.

ఇంకొకరు మీటర్ ఏది కొనాలని అడుగుతున్నారు. ఖరీదైనది అక్కర్లేదు, డీసీ వోల్టులు దశాంశంతో చూపేది ఏదైనా చాలు. దాంట్లో తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటుంది, అది దిగితే మీటర్ తప్పు అంకెలు చూపుతుంది. ఒకసారి నా మీటరే అబద్ధం చెప్పి మంచి బ్యాటరీని చెడ్డదన్నది. అందుకే ముందు తెలిసిన మంచి బ్యాటరీ మీద పెట్టి చూసుకుంటాను.

ఇక మాటలు చాలు. బయట ఒక 1613 నిలబెట్టించాను, దాంట్లో నేను ఒక తప్పు చేసి పెట్టాను, ఎక్కడో చెప్పను. టీ తాగి రండి. మీటర్ ఉన్నవాళ్లు ముందు నిలబడండి, క్లీనర్ పిల్లలు కూడా ముందుకే రండి, ముళ్లు మీ చేతికే ఇస్తాను. బీడీలు ఇక్కడే ఆర్పి రండి, బ్యాటరీ బాక్సు మూత నేను చెప్పేదాకా ఎవరూ తీయకండి.